నాకు రాదన్నాను

ఇది ఇన్నేళ్లూ ఎందుకు రాయలేదంటే నాకు అక్షరాలు వచ్చేవి కావు. ఎవరితోనైనా రాయించవచ్చు కదా అంటారేమో. రాయించాలంటే ముందు ఆ మనిషికి చెప్పాలి. చెప్పగలిగే దాన్నే అయితే ఇంత బరువు మోసేదాన్నా? అంగన్‌వాడీ టీచరమ్మ దగ్గర రెండేళ్లు పలక పట్టాను. ఇప్పుడు మీరొక్కరే వింటున్నారనుకుని రాస్తున్నాను.

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు, చలికాలం. మాది అచ్చంపేట దగ్గర ఊరు. మా మరిది భార్య, నా యారాలు, హాస్టల్లో చదివేటప్పుడు ఊలు అల్లడం నేర్చుకుంది. ఆమెకు అప్పుడు ఆరో నెల. మధ్యాహ్నం అత్తమ్మ చేనుకు పోగానే నాకు నేర్పేది. అత్తమ్మకు తెలియనివ్వలేదు. అప్పటికి నాకు పెళ్లయి పద్దెనిమిదేళ్లు, పిల్లలు లేరు. ఊలు పట్టుకుని కూర్చుంటే, ఎవరి కోసమే అని అడిగితే ఏం చెప్పాలి?

మా దిక్కు పుట్టబోయే బిడ్డకు ముందుగా బట్ట కుట్టరు, కొనరు, కీడంటారు. పుట్టాక కూడా మొదట పాత చీర ముక్కల్లోనే చుడతారు. అది తెలిసే అల్లాను. పసుపుపచ్చ ఊలుతో గుప్పెడంత స్వెటర్. యారాలికి కూడా చెప్పకుండా దుప్పట్ల కింద దాచాను. ఎందుకు అల్లాను? ఆ బిడ్డ మీద ప్రేమా, నాకు లేదన్న కడుపుమంటా? రెండూ ఉన్నాయి. ఏ రోజు ఏది ఎక్కువుండేదో నాకే తెలియదు.

బిడ్డ పుట్టిన మూడో రోజు దవాఖానలోనే పోయింది. యారాలు ఉత్త చేతులతో ఇంటికొచ్చింది. ఆ వారంలోనే, దుప్పట్ల పెట్టె సర్దుతూ అత్తమ్మ ఆ స్వెటర్ బయటికి తీసి యారాలి ముందు పడేసింది.

"గిదేంది? పుట్టకముందే అంగీ అల్లి పెట్టినవా? నీ చేతులతోనే సాగనంపితివి గదనే దాన్ని."

యారాలు స్వెటర్ చూసింది. తర్వాత నన్ను చూసింది. అల్లేటప్పుడు మెడ దగ్గర నేను ఎప్పుడూ ఊలు బిగించేస్తానని ఆమెకు తెలుసు.

"నేను అల్లలే అత్తమ్మా," అంది యారాలు.

"మరి గోడలు అల్లినయా? ఇంట్ల నీకు గాక ఇంకెవలికొస్తది? పెద్దదానికొస్తదా?"

"నాకెక్కడొస్తది అత్తమ్మా," అన్నాను.

అంతే. నేర్పింది నేనేనని యారాలు ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. నేనే చెబుతానని చూసిందా? గొడ్రాలి కన్ను తగిలిందని నన్ను ఏమంటారో ఆలోచించిందా? నేను మాత్రం నా గురించే ఆలోచించాను.

బిడ్డను తిన్నదన్న పేరు ఆమెకు పడింది. ఎవరింట్లో తొట్టెల పండుగ అయినా ఆమెను తొట్టెల దగ్గరికి రానివ్వలేదు. ఏడాది తిరగకుండానే మరిదీ ఆమే వేరుపడి నందికొండ పోయారు. పోయే రోజు తన సూదులు నా మంచం మీద పెట్టి పోయింది. తర్వాత ఆమెకు ఇద్దరు పిల్లలు పుట్టారు. వాళ్లకు ఏమీ అల్లలేదట.

పోయిన చలికాలం, వేళ్లు పట్టేస్తుంటే ఆ సూదులు తీశాను. తలుపు దగ్గరకేసుకుని అల్లుతుంటాను. లెక్క లేదు, నమూనా లేదు. ఒక రంగు అయిపోతే చేతికందిన ఇంకో రంగు. పొడుగు సాగితే మెడకు, వెడల్పయితే ఒడిలోకి. ప్రాణం నిమ్మళిస్తుంది. అలా నిమ్మళించినందుకే సిగ్గేస్తుంది. ఆమె చేతుల్లోంచి పోయిన అల్లికను నేను అనుభవిస్తున్నాను కదా. ఏమీ అనుకోకుండా మొదలుపెట్టినా, కొన్నిసార్లు వేళ్లు వాటంతట అవే ఆ గుప్పెడంత మెడ దగ్గరికి వచ్చేస్తాయి. విప్పేస్తాను.

స్వెటర్ వల్ల ఏ బిడ్డా పోదని నాకు తెలుసు. అల్లినందుకు కాదు నా ఏడుపు. రాదన్నందుకు.

ఇక్కడి దాకా రాసిన మర్నాడు పొద్దున ఊలు, సూదులు తీసుకుని అరుగు మీదికి వచ్చాను. అత్తమ్మ ఎండకు కూర్చుంది. ఆమెకు చూపు మసకే గాని నా చేతులు ఆడటం కనబడింది.

"గిది నీకెప్పటి సంది వచ్చే?"

"అప్పటి సందే అత్తమ్మా. ఆ పసుపుపచ్చది నేనల్లిందే."

అత్తమ్మ చేయి చాపి ఊలు తడిమింది.

"ఇన్నేండ్లు నోరు పడిపోయిందా?" అంది.

వరస సగంలో ఉంది. ఆమె ముందే కూర్చుని చివరి దాకా అల్లాను.