నాయనమ్మ తోడొచ్చిన నీటి గండం

ఆ రోజుల్లో హౌరా పక్కన లిలువాలో ఉన్న మా ఇంట్లో భయాలకి కొదవ లేదు గానీ, వాటన్నిటికీ మా నాయనమ్మ దగ్గర ఒకటే మాట: గండం. పాలు విరిగితే గండం, బంద్ పిలుపొస్తే గండం, నా లెక్కల పరీక్ష మహాగండం. ఇవన్నీ వాడుక గండాలు. అసలు గండం జాతకంలో ఉంటుంది. దాన్ని ఆపడం ఎవరి తరమూ కాదు, గడిచేదాకా కాచుకోవడమే. నాకున్నది నీటి గండం. పెళ్లయ్యేదాకా ఉంటుందని శ్రీకాకుళంలో పంతులుగారు చెప్పారట. నేను స్నానానికి వెళ్తే చాలు, నాయనమ్మ తలుపు బయట నిలబడి "ఏటే, ఉన్నావా?" అని కేకేసేది. (ఉన్నానని తెలియడానికి పాడుతూ స్నానం చేయడం అప్పుడే అలవాటైంది.)

అలాంటి నాకు గంగ అవతల, బాబూఘాట్ దగ్గర టైపిస్టు ఉద్యోగం వచ్చింది. పదింటికల్లా చేరకపోతే తర్వాతి అమ్మాయిని పిలుస్తామన్నారు. నాన్న మంచాన పడ్డ ఏడాది అది, ఇంటిల్లిపాదికీ ఆ ఉద్యోగమే ఆధారం. బస్సెక్కించడానికి నాయనమ్మ హౌరా దాకా వచ్చింది. చూస్తే బ్రిడ్జి నిండా ఊరేగింపు, ఎర్రజెండాలు. బస్సుల్లేవు, నడిచే సందు కూడా లేదు. ఇక మిగిలింది లాంచీ. నేను ఏడుపు మొహం పెట్టాను. ఆవిడ జెండాలకేసి చూసింది, నీళ్లకేసి చూసింది. "పదే గుంటా, నానూ వస్తాను. గండమొస్తే ముందు నన్ను దాటాల," అంది.

లాంచీ నడిమధ్యలో నన్ను కూర్చోబెట్టి నా జడ చేతికి చుట్టుకుంది. అదీ చాలదనిపించిందేమో, పక్కవాళ్ల సాయం కోసం తనకొచ్చిన బెంగాలీలో "బిపొద్! బిపొద్!" అని అరిచింది. (అది ఉన్నపళంగా వచ్చిపడే ఆపదకి వాడే మాట.) ఎవరో నీళ్లలో పడ్డారనుకుని జనమంతా ఒకే పక్కకి పరిగెత్తారు, లాంచీ ఒరిగింది, నా గండం రానే వచ్చిందనుకున్నాను. సిగ్గుతో చచ్చిపోతూ జాతకం సంగతి గొణిగాను. చేపల బుట్టతో ఉన్న ఒకావిడ మొహం వెలిగిపోయింది. "ఓ, ఫాఁడా! జొలే ఫాఁడా!" వాళ్లకీ అచ్చంగా అదే నీటి గండం ఉందన్నమాట! ఆవిడ చెల్లెలికి కూడా ఉందట. "భయ్ నేయ్, మాసీమా," అంటూ ధోవతి కట్టిన ఒకాయన నాయనమ్మకి ధైర్యం చెప్పి, అందరినీ నా చుట్టూ నిలబెట్టాడు. ఆఫీసులకి ఆలస్యమవుతున్నా, నేను ఒడ్డెక్కేదాకా వాళ్లలో ఒక్కరూ దిగలేదు. వాళ్ల పేర్లు నాకు తెలియవు, కానీ ఇప్పటికీ తలుచుకుని దండం పెట్టుకుంటాను.

పదికి ముందే ఉద్యోగంలో చేరాను. నాయనమ్మ మాత్రం మళ్లీ లాంచీ ఎక్కలేదట. బ్రిడ్జి ఖాళీ అయ్యేదాకా ఘాట్‌లో కూర్చుని, సాయంత్రం బస్సులో ఇల్లు చేరింది. ఎందుకని అడిగితే అమ్మ నవ్వింది. "మీ నాయనమ్మకి నీళ్లంటే చచ్చేంత భయమే. గంగ నీళ్లు కూడా చెంబుతో ఇంటికే తెప్పించుకుంటాది కాదేటి?"

పెళ్లయింది, గండం గడిచింది, నాయనమ్మ వెళ్లిపోయింది. నేనిప్పటికీ లాంచీలో మధ్యలోనే కూర్చుంటాను. అవతలి ఒడ్డు దగ్గరపడుతుంటే, నెరిసి సన్నబడ్డ నా జడని వెనక్కి చేయి పెట్టి ఓసారి తడుముకుంటాను. ఎవరూ పట్టుకుని లేరని తెలిసి, నాలో నేనే నవ్వుకుని దిగుతాను.