బాపు డబ్బాలో పత్తి, మా డిటెక్టర్‌కు ఉక్కపోత

పాసైంది! మా డిటెక్టర్ పాసైంది! ఇప్పుడే, మధ్యాహ్నం రెండు కావస్తుండగా మెయిల్ వచ్చింది. విదేశంలోని ప్రయోగశాల దాన్ని తీసుకుంటోంది. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేనే, ఈ మాట ఎవరికి ముందు చెప్పాలో తెలియడం లేదు.

ఎలక్ట్రాన్‌కు బదులు అంతకంటే బరువైన మరో కణం తిరిగే వింత పరమాణువులు కొన్ని ఉంటాయి. అవి పుట్టీపుట్టగానే ఎక్స్‌రేలు వదిలి మాయమవుతాయి. ఆ ఎక్స్‌రేల శక్తిని వెంట్రుకవాసి తప్పకుండా కొలవాలి. కొలిచే పరికరాన్ని కరీంనగర్‌లో మా కాలేజీ ల్యాబులో పరీక్షించే పని నాది. శక్తి ముందే తెలిసిన ఎక్స్‌రేలిచ్చే చిన్న బిళ్లను ఎదురుగా పెడితే, తెర మీద గీత ఒకేచోట నిలబడాలి. మాది రోజూ మధ్యాహ్నం పక్కకు జరిగేది. వారంలో నిలబడకపోతే ఇంకో కాలేజీవాళ్ల పరికరం తీసుకుంటామన్నారు ఆ విదేశీ ప్రయోగశాలవాళ్లు. "డిటెక్టరే ఖరాబున్నది" అని తేల్చేశారు మా గైడు సారు.

ఆదిలాబాద్‌లో ఉన్న మా నాన్నకు, బాపుకు, ఫోన్ చేసి సంగతంతా చెప్పాను. ఆయన పత్తి రైతు. మార్కెట్ యార్డుకు పోయేటప్పుడు టిఫిన్ డబ్బాలో, తేమ ఎంతో తనకు ముందే తెలిసిన ఎండిన పత్తి గుప్పెడు పట్టుకుపోతాడు. తేమ చూసే మిషన్‌ను ముందు దాంట్లో పెట్టించాకే తన బండి మీద చెయ్యి వేయనిస్తాడు.

"ఎప్పుడు జరుగుతదే ఆ గీత?"

"రోజూ బువ్వ తిన్నంక, బాపూ."

"నా డబ్బల పత్తే ఎండల ఒకతీరు, నీడల ఒకతీరు సూపెడ్తది బిడ్డా. మిషిన్‌ను తిట్టకు. బువ్వ తిన్నంక ఆడ ఎవడు ఏం చేస్తుండో చూడు."

మర్నాడు డిటెక్టర్ పక్కన థర్మామీటర్ పెట్టి, బీరువా వెనక టిఫిన్ విప్పుకొని కూర్చున్నాను. ఒకటిన్నరకు తలుపు తెరుచుకుంది. సారు! ఏసీ ఆపి, మెడకు మఫ్లర్ చుట్టి, కుర్చీలో కునుకు తీశారు. గది వేడెక్కింది, గీత జరిగింది. మూడింటికి లేచి ఏసీ వేసి వెళ్లిపోయారు.

సాయంత్రం చెప్పాను. "సార్, డిటెక్టర్‌కు ఉక్కపోస్తున్నది."

"ఎందుకు?"

"మీకు చలి పెడ్తున్నది గదా సార్."

సారు లేచి తలుపు దగ్గరగా వేశారు. "గిది ఆ ఫారినోళ్లకు రాసినవా?"

"లే సార్. కారణం గది ఉష్ణోగ్రత అనే రాసిన."

మర్నాటి నుంచి సారు కునుకు లైబ్రరీకి మారింది. గీత కదిలితే ఒట్టు.

ఇక ఫోన్లు. బాపు: యార్డులో ఉంటే ఎత్తడు, ఎత్తేదాకా చేయాలి. అమ్మ, అదే మా అవ్వ: ముందు ఏడుస్తుంది, తర్వాత తిన్నావా అంటుంది. మస్కట్‌లో మామ. యార్డులో తేమ మిషన్ పట్టుకునే అన్న: బాపు డబ్బాను చూసి నవ్వేది ఆయనే. సారు: మూడు దాటాకే.