పిన్ని ఉడికించిన ఎముక

ఆ రోజుల్లో నా కోపానికి కూడా ఒక వరుస ఉండేది: ముందు కంప్యూటర్ మీద, తర్వాత కరెంటు మీద, చివరికి గైడు గారి మీద. ఎం.టెక్. ఆఖరి ఏడాది. కొవ్వూరులో పిన్ని ఇంట్లో ఉంటూ, రోజూ వంతెన దాటి రాజమండ్రిలో కాలేజీకి వెళ్లేవాణ్ణి. మేక తొడ ఎముక మీద బరువు పడితే అది ఎక్కడ ఎంత సాగుతుందో కంప్యూటర్‌లో లెక్కగట్టడం నా ప్రాజెక్టు. లెక్క ఎవడైనా గడతాడు. అది నిజమో కాదో తేల్చడమే అసలు పని. ఎముకకు తెల్లరంగు వేసి, టూత్‌బ్రష్‌తో నల్లచుక్కలు చిలకరించి, మెషీన్‌లో నొక్కుతూ ఫొటోలు తీయాలి. చుక్కలు ఎంత జరిగాయో చూస్తే ఎముక ఎంత సాగిందో తెలుస్తుంది. అది కంప్యూటర్ చెప్పినదానికి దగ్గరగా ఉంటే పాసు. లేకపోతే ఇంకో ఆరు నెలలు అదే బస్సు.

ముందుగా ఎముక ఆకారం కంప్యూటర్‌కి ఎక్కించడానికి స్కానింగ్ సెంటర్‌కి పట్టుకెళ్లాను. "పేషెంటు పేరు చెప్పండి" అన్నాడు కౌంటర్లో ఆయన. మేకండి అన్నాను. "ఇంటిపేరండి?" అన్నాడు తలెత్తకుండానే. (నేను నవ్వలేదు. అప్పట్లో నాకు నవ్వే తీరిక లేదు.) స్కాన్ అయ్యాక చూస్తే ఎముకకు అక్కడక్కడా మాంసం అంటుకునే ఉంది. అది పోతేగాని రంగు పట్టదు. "పిన్నీ, దీన్ని శుభ్రం చేసి ఫ్రిజ్‌లో పెట్టవా" అని చెప్పి కంప్యూటర్‌లో ఎముక మోడల్ తయారుచేసే పనిలో పడ్డాను. మర్నాటికి ఎముక తళతళలాడుతోంది. పిన్ని పనితనానికి మురిసిపోయాను కూడా.

తీరా ప్రయోగం చేస్తే, మోడల్ చెప్పినదానికంటే ఎముక ఎంతో ఎక్కువ సాగింది. లెక్కలు మళ్లీ చేశాను, కెమెరా మార్చాను, మెషీన్ని తిట్టాను. ఏదీ కలవలేదు. గైడు గారు ఫొటోలు అటూ ఇటూ తిప్పి, "మోడల్‌లో ఎముక గట్టితనం కాస్త తగ్గించేయండి. గ్రాఫులు వాటంతటవే కలుస్తాయి" అన్నారు.

"అలా కలిపేస్తే ఇంక ప్రయోగం దేనికండి?"

"పాసవడానికండి" అన్నారాయన, టీ చల్లారిపోతోందన్నట్టు చూస్తూ.

ఒళ్లు మండిపోయింది. ఆ మంటతోనే ఇంటికొచ్చి, అన్నం వద్దని కూర్చున్నాను. "ఏంట్రా ఆ మొహం?" అంది పిన్ని. ఎముక ఉండాల్సినంత గట్టిగా లేదు, ఎందుకో తెలియడం లేదన్నాను.

"కుక్కర్లో అన్ని విజిల్స్ వచ్చాక ఇంకేం గట్టిగా ఉంటుంది! ఉప్పూ పసుపూ వేసి ఉడికిస్తేగాని బొమిక శుభ్రమవుతుందేంట్రా?"

నా నోట మాట రాలేదు. బాబాయి మాత్రం పేపరు దించి, "ఆ సూపు భలేగా ఉందిరా. మోకాళ్ల నొప్పి కాస్త తగ్గింది. మళ్లీ ఎప్పుడు తెస్తావు?" అన్నాడు. అప్పుడు వచ్చింది మాట. వీధి చివరిదాకా వినపడేలా వచ్చింది. నా మోడల్ పచ్చి ఎముకది, ప్రయోగం ఉడికిన ఎముకది! గైడు గారి మాట వినుంటే, సూపులో వేసిన ఎముక ఎంత సాగుతుందో ప్రపంచానికి కచ్చితంగా చెప్పినవాణ్ణి నేనే అయ్యేవాణ్ణి.

ఇంకో ఎముక తెచ్చి, స్కాన్ తీయించి, పెరట్లో కూర్చుని నేనే కత్తితో గీక్కున్నాను. పిన్నిని ఆ దరిదాపుల్లోకి రానివ్వలేదు. ఈసారి గ్రాఫులు ఒకదాని వెంట ఒకటి నడిచాయి. మొదటి ఎముక ఎందుకు తప్పిందో రిపోర్టులో రాస్తే, గైడు గారు ఎర్ర ఇంకుతో కొట్టేశారు. "ఎముక ఉడకబెట్టామని రాస్తే మన పరువేం కావాలండి?"

"జరిగిందే రాస్తానండి. సంతకం పెట్టకపోతే మానేయండి" అన్నాను. నాతో వేగలేక పెట్టేశారు.

వైవాలో బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ సరిగ్గా ఆ పేజీ దగ్గరే ఆగారు. రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి, "సూపు ఎలా ఉందండి?" అని అడిగారు.

"నాకు పోయలేదండి" అన్నాను ఉక్రోషంగా.

గది గదంతా నవ్వింది, గైడు గారితో సహా. వాళ్ల మధ్య ఒక్కడినే, పాసయ్యానన్న సంగతి కూడా గమనించకుండా, మొహం గంటుపెట్టుకుని నిలబడ్డాను. ఇన్నేళ్లకు ఆ గదిలోకి వెళ్లి ఆ కుర్రాడి భుజం తట్టి, నవ్వరా బాబూ, నెగ్గింది నువ్వే అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినడు, ముందు నా మీద అరుస్తాడు.