కేశవన్నకు కప్పిన శాలువా

రాష్ట్రం విడిపోయాక రెండో వేసవిలో నన్ను కడప నుంచి ప్రొద్దుటూరు బ్రాంచికి సీనియర్ డీలరుగా వేశారు. షేర్ల బ్రోకరు ఆఫీసులో డీలరంటే సొంతానికి వ్యాపారం చేసే మనిషి కాదు. ఖాతాదారు కొనమంటే కొనాలి, అమ్మమంటే అమ్మాలి. ఆర్డరు తిరిగి చదివి వినిపించి, "కన్ఫర్మ్ చేస్తారా?" అని అడగాలి. అవునన్నాకే మీట నొక్కాలి. మాట్లాడిందంతా ఫోనులో రికార్డవుతుంది. ఖాతాదారు ఎదురుగా కూర్చున్నా సరే, టేబుల్ మీది ఫోనెత్తి అందులోనే చెప్పాలి. ఇది కొను, అది వద్దు అని సలహా చెప్పే అధికారం డీలరుకు లేదు. చెబితే ఉద్యోగం పోతుంది. ఇప్పుడు రిటైరయ్యాను, నా నోటికి తాళం వేసేవాళ్లు లేరు.

బ్రాంచి మేనేజరు గంగాధర్ గారిది పులివెందుల. ఎన్ని ఆర్డర్లు పడితే ఆయనకు అంత ఇన్సెంటివ్. ఖాతాదారు గెలిచినా మునిగినా ఆయన లెక్క ఆయనకు వచ్చేస్తుంది. ఈ ముక్క గుర్తుంచుకుంటే మిగతాదంతా అర్థమవుతుంది.

నాకు అక్కడ బాగా నచ్చిన ఖాతాదారు సుజాత. జమ్మలమడుగులో ఒక ప్రైవేటు బడిలో లెక్కల టీచరు. పెద్దముడియం దగ్గర వాళ్ల నాయన వదిలిపోయిన చేనుంది, నీళ్లు లేవు. బోరు వేయించాలని కూడబెట్టుకున్న డబ్బుతో ఇంట్రాడే చేసేది. అంటే పొద్దున కొన్నది సాయంత్రంలోగా అమ్మేయడం. చేతిలో ఉన్నదానికి కొన్ని రెట్లు మా కంపెనీ కొననిస్తుంది కాబట్టి ధర కొంచెం దిగినా దెబ్బ పెద్దగానే తగులుతుంది. అందుకే స్టాప్ లాస్ అని ఒక గీత ముందే పెట్టుకుంటారు. ధర ఆ గీత దాకా దిగితే ఇంక ఆలోచన లేదు, అమ్ముడైపోతుంది.

సుజాత కొనే ధర, స్టాప్ లాస్ ఒకే ఊపిరిలో చెప్పేది. "క్లాసుకు పోతాండానక్కా, మళ్ల చూడను" అని ఫోను పెట్టేసేది. ఒకసారి ఆపుకోలేక, మధ్యలో చూడాలనిపించదా అని అడిగాను. "గంట కొట్టినంక బయటి సంగతి పిల్లోళ్లకే ఉండదు, నాకేందక్కా?" అంది. పోయినప్పుడు కాస్త పోయేది, వచ్చినప్పుడు అంతకన్నా కాస్త ఎక్కువ వచ్చేది. బోరు డబ్బు నెమ్మదిగా పెరుగుతూ ఉండేది. నా సర్వీసులో అంత క్రమశిక్షణ ఉన్న మనిషిని ఇంకొకరిని చూడలేదు.

ఇక కేశవన్న. బంగారు అంగడి ఆసామి. పొద్దున అంగడి కొడుక్కి అప్పజెప్పి వచ్చి మా పెద్ద స్క్రీన్ ముందు కుర్చీ వేసుకునేవాడు. ఆయన సిద్ధాంతం ఒక్కటే. "మూడు తరాల నుంచి బంగారం చేస్తాండాం మేడం. పడిందని అమ్ముకునేటోడు యాపారస్థుడే కాదు. ఉంచుకుంటే అదే వస్తది." ప్రొద్దుటూరులో సగం మందికి ఇదే బుద్ధి. బీరువాలోని బంగారానికి గడువు లేదు, నిజమే. ఇంట్రాడేకు ఉంది. మూడుంబావుకల్లా మనం అమ్మకపోతే కంప్యూటరే అమ్మేస్తుంది. ఈ తేడా ఎన్నిసార్లు వివరించినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

ఒకరోజు ఆయన పేరుకు స్టాప్ లాస్ పెట్టి కొన్న షేరు ఆ గీత దగ్గరికి దిగింది. ఫోనెత్తి స్టాప్ లాస్ తీసెయ్యమన్నాడు. ఇంకా దిగింది, ఇంకొన్ని కొన్నాడు. రెండున్నర దాటాక ఆ కంపెనీకి ఏదో మంచి వార్త వచ్చి ధర దూసుకెళ్లింది. గుడ్డి దెబ్బ! పెద్ద లాభమే వచ్చింది.

మర్నాడు గంగాధర్ గారు ఆయనకు సన్మానం పెట్టారు. అవునండీ, సన్మానమే. దండ, శాలువా, జిలేబీలు. శాలువా ఉన్న పళ్లెం నా చేతికిచ్చారు, నేను పట్టుకుని నిలబడాలి. కేశవన్న మైకు లేకుండానే ఉపన్యాసం దంచాడు. "స్టాప్ లాసనేది పిరికోళ్లు కట్టుకునే తాయెత్తప్పా!" అన్నాడు. గదంతా ఒకటే నవ్వు. "చూడండి మేడం, ధైర్యమంటే అదీ" అని మేనేజరు నా వైపు తిరిగారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నియమం తప్పినవాడికి నేను పళ్లెం పట్టాలా!

అప్పటికి బడికి వేసవి సెలవులిచ్చారు. సుజాత ఫోను చేయడం మాని ఆఫీసుకే రావడం మొదలుపెట్టింది. ఆ రోజు ఆమె కూడా జిలేబీ తిని చప్పట్లు కొట్టింది.

తర్వాతి వారం ఒక షేరు కొని, అలవాటు ప్రకారం స్టాప్ లాస్ పెట్టింది. పోవడానికి క్లాసు లేదు కాబట్టి స్క్రీన్ ముందే కూర్చుంది. ధర దిగుతూ గీత దగ్గరికి వచ్చింది. పక్క కుర్చీలోంచి కేశవన్న అందుకున్నాడు. "ఏం టీచరమ్మా, ఈ పాటి దానికే భయపడితే ఎట్లా? తీసెయ్. అదే వస్తది." మేనేజరు తల ఊపారు. సలహాలు చెప్పనివ్వకూడదు కదా సార్ అని నేను లేచాను. "నేనేమన్నా చెప్పినానా? అన్న ఏదో మాట్లాడినాడు, అంతే" అన్నారు. ఎంత తెలివి!

సుజాత టేబుల్ మీది ఫోనెత్తింది. ఎదురెదురుగా కూర్చుని ఇద్దరం ఫోనులో మాట్లాడుకున్నాం. నేను ఆర్డరు నిదానంగా చదివాను. స్టాప్ లాస్ రద్దు చేయమంటున్నారు, కన్ఫర్మ్ చేస్తారా? ఆమె స్క్రీన్ వైపు చూసింది. రెండోసారి అడిగాను, అడగకూడదని రూలేమీ లేదు. "కన్ఫర్మక్కా" అంది. నొక్కాను. అలా నొక్కడమే నా ఉద్యోగం.

ధర దిగింది. దిగిన ప్రతిసారీ కేశవన్న "వస్తది, వస్తది" అన్నాడు. మధ్యాహ్నం కొడుకు ఫోను చేశాడు, పెళ్లి నగల బేరం వచ్చిందని. ఆయన చెప్పులేసుకుని చక్కగా పోయాడు. ఆమె మాత్రం కదల్లేదు. నీళ్లు ఇచ్చినా తాగలేదు. మూడుంబావుకు కంప్యూటరు అమ్మేసింది. బోరు డబ్బులో సగానికి పైగా పోయింది.

ఆమె లేచింది. బ్యాగు తగిలించుకుంటూ, "బడి ఉండింటే నేను చూసేదాన్నే కాదక్కా" అంది. జమ్మలమడుగు బస్సుకు వెళ్లిపోయింది.

"ఆమె నోటితో ఆమే కన్ఫర్మ్ చేసింది, రికార్డుంది. మనకేం ఇబ్బంది లేదు" అన్నారు మేనేజరు. మనకు లేదు సార్, ఆ చేనికుంది అన్నాను. మర్నాడు కేశవన్న వచ్చి, "పాపం, టీచరమ్మ ఇంకొంచెం ఓపిక పట్టింటే బాగుండు" అని నాలుక చప్పరించాడు. యంత్రం అమ్మేశాక ఓపిక ఎక్కడి నుంచి తెస్తారండీ? సిగ్గుండాలి మనిషికి! ఆ మాట ఆయన మొహం మీదే అన్నాను. బ్రాంచి అంతా విన్నది.

ఆ నెలాఖరులో ఇంకొకరికి సన్మానమన్నారు. పళ్లెం టేబుల్ మీద పెట్టి, నేను పట్టనని చెప్పాను. వారం తిరక్కుండా పులివెందుల బ్రాంచికి బదిలీ వచ్చింది. పరిపాలనా కారణాలని రాశారు. పోయి చేరాను, రిటైరయ్యేదాకా అక్కడే చేశాను.

బడులు తెరిచాక సుజాత ఒకసారి పులివెందులకు ఫోను చేసింది, ఖాతా మూసేసిందట. చేను ఏం చేశావని అడిగాను. "గుత్తకిచ్చినానక్కా. వాళ్లే బోరు ఏసుకుంటామన్యారు" అంది.

నియమం తప్పి నష్టపోయినవాణ్ని చూస్తే నలుగురికి బుద్ధి వస్తుంది. నియమం తప్పి లాభపడినవాడికి శాలువా కప్పితే, దాని ఖరీదు ఆ గదిలో ఇంకెవరో కట్టాలి. ప్రొద్దుటూరులో సుజాత కట్టింది.