అమ్మ వీపు మీంచి

సోనికి అమ్మ ముఖం తెలియదు. అమ్మ వీపు మాత్రం బాగా తెలుసు.

హుకుంపేటలో జీపు దిగి కొండెక్కితే వచ్చే చిన్న ఊరు వాళ్లది. తల్లి సోములమ్మ చోడి చేలో కలుపు తీయడానికి వెళ్లినా, అడ్డాకులు కోయడానికి అడవికి వెళ్లినా పిల్లను గుడ్డతో వీపుకు కట్టుకునే వెళ్లేది. సోనికి గుర్తున్నదంతా అక్కణ్ణుంచి చూసిందే. ఒక పక్కకు వంచి కట్టిన కొప్పు, చెవి అంచు పొడవునా వరసగా రింగులు, మెడ మీద చెమట, ఆ చెమటలో పొయ్యి పొగ వాసన. సోనికి నాలుగో ఏడు రాకముందే సోములమ్మకు జ్వరం తగిలింది. డోలీ కట్టి మోసుకుపోతుంటే రోడ్డు చేరకముందే ప్రాణం పోయింది. అప్పటికి ఆ ఊరికి సెల్‌ఫోన్లు రాలేదు. ఆమె ఒక్క ఫొటో కూడా దిగలేదు.

తండ్రి గాసి మళ్లీ పెళ్లి చేసుకోలేదు. కాఫీ తోట, సిల్వరోకు చెట్ల మీది మిరియాల తీగలు, కూతురు, ఇంతే అతని లోకం. సోనిని ఆశ్రమ పాఠశాలలో వేశాడు. అక్కడ ఆ పిల్ల సైన్సు రికార్డుల్లో తన బొమ్మలతో పాటు హాస్టల్లో అందరి బొమ్మలూ వేసిపెట్టేది. కప్ప, మందారం, గుండెకాయ, అన్నీ ఒకే చేతివి. సైన్సు టీచరు సంతోషమ్మ అది కనిపెట్టింది గానీ తిట్టలేదు. సోని ఇంటర్ అయ్యాక ఆవిడే విశాఖపట్నం వెంటబెట్టుకెళ్లి ప్రవేశ పరీక్ష రాయించింది. అలా సోని ఇలస్ట్రేషన్ డిగ్రీలో చేరింది. కథలకూ పాఠాలకూ బొమ్మలు వేయడం నేర్పే నాలుగేళ్ల చదువు అది.

"బొమ్మలెయ్యడానికి డిగ్రీ ఏటే?" అన్నాడు గాసి, బస్సెక్కించడానికి వచ్చినప్పుడు. అంతలోనే, "సర్లే, బాగా సదువుకో. బేగి వచ్చీ" అని అటు తిరిగి నిలబడ్డాడు.

కాలేజీ హాస్టల్లో సాయంత్రమయ్యేసరికి పక్క మంచాల అమ్మాయిలు వీడియో కాల్లో తల్లులతో పోట్లాడేవారు. తిన్నావా, తల దువ్వుకున్నావా, ఆ చున్నీ ఏమిటి అని ఫోన్లలోంచి గొంతులు వచ్చేవి. సోని మేడ మీదికి వెళ్లి నిలబడేది. తమ కొండలు అక్కణ్ణుంచి కనిపించవని తెలిసి కూడా అటువైపే చూసేది.

రెండో ఏడాదిలో లెక్చరర్ ఫణీంద్ర గారు క్లాసులో ఒక పని ఇచ్చారు. "ఎదురుగా మనిషి ఉండకూడదు, ఫొటో ఉండకూడదు. మీకు అందరికన్నా దగ్గరి మనిషిని గుర్తు తెచ్చుకుని వేయండి."

సోని బొగ్గుపుల్లతో వేసింది. ఆయన ఒక్కొక్కరి బొమ్మా చూసుకుంటూ వచ్చి ఆమె దగ్గర ఆగిపోయారు. కాగితం మీద కొప్పు, చెవి, మెడ, వంగిన భుజం. అంతే.

"ఎవరమ్మా?"

"మా అమ్మ సార్."

"బాగుంది. మరి ముఖం ఇటు తిప్పి వేయొచ్చు కదా?"

"రాదు సార్. నేను చూడలేదు. చూసే ఉంటాను, గుర్తు లేదు."

ఆయన ఆ బొమ్మను అందరి బొమ్మలతో పాటు గోడకు అంటించలేదు. జాగ్రత్తగా చుట్టి ఆమె చేతికే ఇచ్చారు. "చూసినవాళ్లు ఉంటారు కదమ్మా. వాళ్లను అడిగి వెయ్యి" అన్నారు.

ఆ మాట సోనిని వదల్లేదు. రైతుబజారులో కొండసరుకు అమ్ముకునే ఆడవాళ్లను దూరంగా కూర్చుని గీసుకునేది. ఈ నుదురు అయ్యుంటుందా, ఈ గడ్డం అయ్యుంటుందా? అద్దం ముందు కూర్చుని తన ముఖమే గీసేది. అందులోంచి నాన్న ముక్కు తీసేసేది, నాన్న దవడ తీసేసేది. మిగిలిందే అమ్మ అనుకునేది. మిగిలిన ఆ రెండు కళ్లూ ఎవరివీ కానట్టు ఆమె వంక చూసేవి.

శీతాకాలం సెలవులకు ఆ బొమ్మలన్నీ పట్టుకుని ఇంటికెళ్లింది. గాసి వాకిట్లో కాఫీ పళ్లు ఆరబోస్తున్నాడు. చేతులు తుడుచుకుని ఒక్కొక్కటీ ఎండకు ఎత్తి చూశాడు.

"ఈవెవరో టీచరమ్మలాగుంది."

"ఇది?"

"ఈవె మన ఊరు మనిసి కాదు."

"పోనీ, అమ్మ ముక్కు ఎలాగుండీది నాన్నా? నువ్వు చెప్పు, నేనేస్తాను."

"ముక్కంటే ముక్కే కదే. ఏటి సెప్పను?"

సోనికి కోపం వచ్చింది. "అన్నేళ్లు కాపురం చేసినావు, ముఖం చెప్పలేవా?" అంది.

గాసి కాఫీ పళ్లను చేత్తో అటూ ఇటూ నెరిపాడు. "మొకం నాకూ పోనాదే సోనీ" అన్నాడు. "ముందు బాగానే ఉండీది కళ్లలో. నువ్వు పెరిగినావు. నిన్ను సూసి సూసి, దాని మొకం నీ మొకంలో కలిసిపోనాది. ఇప్పుడు తలుసుకుంటే నువ్వే అవుపిస్తన్నావు. నానేటి సెయ్యను?"

సోని కాగితాలు సర్దుతుంటే చుట్టిపెట్టిన బొగ్గు బొమ్మ జారి విచ్చుకుంది. గాసి చూపు దాని మీద పడి అక్కడే నిలిచిపోయింది.

"సంతకెల్లినపుడు బరువట్టుకుని దాని ఎనకే నడిసీవోణ్ణి" అన్నాడు. "ఇది నాకొగ్గీ."

సోని ఆ బొమ్మ తండ్రికి ఇచ్చేసింది.

మర్నాడు పెద్దమ్మ ముత్యాలమ్మ ఇంటికి వెళ్లింది. ఆవిడ సోములమ్మకు అక్క. ముక్కు, కళ్లు అని అడిగితే ఆవిడకీ ఏమీ తోచలేదు. "అయ్యేటీ నాకు గేపకం నేదు గానీ, దాని నవ్వు సూడాల" అంది. చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజం అటు తిప్పి, కళ్లు మూసుకుని నవ్వి చూపించింది. అలా నవ్వుతుంటే ఆ ముసలి మనిషిలో ఎవరో పడుచుపిల్ల కనిపించి మాయమైంది. "ఇంకోసారి పెద్దమ్మా" అని బతిమాలింది సోని. రెండోసారి నవ్వబోయి ముత్యాలమ్మ ఏడ్చేసింది.

సోని ఆ నవ్వు వేసింది. కానీ కాగితం మీదికి వచ్చింది పెద్దమ్మ నవ్వే.

చివరి ఏడాది ప్రాజెక్టుగా పిల్లల కోసం ఒక బొమ్మల పుస్తకం చేసింది. ఒక అమ్మ బిడ్డను కట్టుకుని పసుపుపచ్చగా పూసిన వలిసె చేల మీదుగా పొలానికి వెళ్లి రావడమే కథ. ప్రతి పేజీ బిడ్డకు కనిపించినట్టే ఉంటుంది. అమ్మ చెవి పక్కనుంచి కొండ, భుజం మీంచి వాగు, కొప్పు మీద వాలిన తూనీగ. ఫణీంద్ర గారు చివరి పేజీ దాకా చూసి, "ఇంకా వెతుకుతున్నావా సోనీ?" అన్నారు.

"అవును సార్" అంది.

డిగ్రీ చేతికొచ్చాక సోని ఊరికి తిరిగొచ్చింది. చిన్న పిల్లలు ఇంటి భాషలో చదువుకునే వాచకాలకు బొమ్మలు వేయడం ఇప్పుడు ఆమె పని. దాంతో పాటు మరో పని తనంతట తానే వచ్చిపడింది. అడిగి తెలుసుకుని పోయినవాళ్ల ముఖాలు వేస్తుందన్న మాట ముత్యాలమ్మ నుంచి ఆ నోటా ఈ నోటా పాకడంతో, పోయినవాళ్ల ఫొటోలు లేనివాళ్లు ఆమెను వెతుక్కుంటూ రావడం మొదలుపెట్టారు.

మొన్న వానాకాలంలో అవతలి కొండ ఊరి నుంచి అసిరమ్మ వచ్చింది. చిన్నప్పుడే పోయిన కూతురి బొమ్మ కావాలంది. సోని ముక్కు గురించి అడగలేదు. "అలిగితే ఏటి సేసీది?" అంది.

అసిరమ్మ కింది పెదవి బయటపెట్టి, గడ్డం గుండెలకు ఆనించి, కనుబొమల కిందినుంచి గుర్రుగా చూసింది. సోని పెన్సిల్ కదిలింది.

"సెవులు ఇంకాస్త పెద్దయి" అంది అసిరమ్మ, పక్కనే కూర్చుని చూస్తూ. సోని చెరిపి మళ్లీ వేసింది. "జుత్తు అలాగ పడదు, నుదుటి మీద పడీది." సోని మార్చింది. అసిరమ్మ కాగితం మీద పెదవి దగ్గర వేలు పెట్టబోయి, చెరిగిపోతుందని వెనక్కి తీసుకుంది. బొమ్మను తడవకుండా ప్లాస్టిక్ సంచిలో పెట్టి, పైన తువ్వాలు చుట్టి ఒళ్లో పెట్టుకుంది.

ఆమె లేవబోతుంటే, ఇలా వచ్చే ముసలివాళ్లందరినీ అడిగినట్టే సోని ఆమెనూ అడిగింది.

"మామ్మా, మీరు మునుపు హుకుంపేట సంతకొచ్చీవారు కదా. సోములమ్మని ఎరుగుదురా?"

"సోములమ్మలు శానామందే గుంటా. ఏ ఊరు సోములమ్మ?"

సోని ఊరి పేరు చెప్పి, ఇంకాస్త దగ్గరగా జరిగి కూర్చుంది.