అండర్ టన్నెల్ అవతలి మూతి

మా ఊరి శివార్లో మురుగు కాలవ పంట కాలవని దాటే చోట ఒక అండర్ టన్నెల్ ఉంది. పైన పంట కాలవ పారుతుంటే, దాని కింద నుంచి మురుగునీరు ఇటుకల గొట్టంలో దూరి అవతలికి పోతుంది. లోపల మనిషి వంగి నడవొచ్చని చెప్పేవారు గానీ నడిచినవాడెవడూ లేడు. ఎప్పుడూ నిండా నీళ్ళే. తొంభైల చివర్లో ఒక వానాకాలం మా చిన మావయ్య ఆ గొట్టంలోకి వెళ్ళిపోయారు.

మా అమ్మ తమ్ముడాయన. పిల్లలు లేరు. నన్ను చదివించిందీ, అమలాపురంలో టీచరు ఉద్యోగం కోసం నా సర్టిఫికెట్లు పట్టుకుని తిరిగిందీ ఆయనే. ఆ ఏడు టన్నెల్ మూతికి గుర్రపుడెక్క అడ్డం పడి, నీరు ఎగదన్ని, నాట్లు వేసిన చేలన్నీ మునిగాయి. మా ఊళ్ళో ఆనవాయితీ ఏమిటంటే, ఎవరి చేను మునిగితే వాళ్ళే దిగి డెక్క లాక్కోవాలి. డ్రైనేజీ ఆఫీసు వాళ్ళ కోసం కూర్చుంటే నాట్లు కుళ్ళి ఊరుకుంటాయి. మావయ్య నడుముకి కొబ్బరి తాడు కట్టుకుని, కొడవలి పట్టుకుని దిగారు. గట్టు మీద పాలేరు తాడు పట్టుకున్నాడు. డెక్క వేళ్ళూ కొబ్బరి తాడూ నీళ్ళ కింద చేతికి ఒకేలా తగులుతాయి. డెక్క కోస్తున్నాననుకుని ఆయన తన తాడే కోసుకున్నారు. అదే ఊపులో డెక్క కూడా తెగింది, నీరు ఆయన్ని భళ్ళున లోపలికి లాగింది. పాలేరు తాడు లాక్కుంటే నున్నగా తెగిన చివర చేతికొచ్చింది.

నేను బస్సు దిగి వెళ్ళేసరికి గట్టంతా జనం. అత్తయ్య మాత్రం ఏడవడం లేదు. "ఆయన్ని బయటికి తియ్యండర్రా" అని కనిపించిన ప్రతివాడినీ అడుగుతోంది. మనిషి బతికుంటాడన్న భ్రమ ఆవిడకీ లేదు. ఒక్కసారి మొహం చూసుకోవాలి, తన చేత్తో నాలుగు చెంబులు నీళ్ళు పొయ్యాలి. ఆవిడ కోరిందల్లా అంతే. అంత చిన్న కోరికకి ఇంత బతిమాలుకోవాలని మాకు అప్పటికి తెలీదు.

ఎస్సైగారు గోదావరి ఒడ్డు నుంచి ఇద్దరు గజ ఈతగాళ్ళని జీపులో తెప్పించారు. అన్నదమ్ములు. పెద్దవాడు ఇవతలి మూతి దగ్గర మునిగి, కాసేపట్లోనే పైకొచ్చి, రొప్పుతూ తల అడ్డంగా ఊపాడు.

"ఇటునించి అవదండి. నీరు లోనకి లాగేత్తంది. ఎల్లడవే గానీ రావడం ఉండదండి. అటు మూతినించి ఎదురెక్కాలండి. అప్పుడు మనకి ఊపిరి అయిపోయినా నీరే బయటికి తోసేత్తది."

చిక్కంతా అటు మూతి దగ్గరే వచ్చింది. అవతల ఒకప్పుడు వరి చేలు, అప్పటికి అన్నీ రొయ్యల చెరువులు. అవి మా ఊరి ఆసామివే. మావయ్యా ఆయనా ఒకే బెంచీ మీద చదువుకున్నారు, అత్తయ్య ఆయన్ని నోరారా అన్నయ్యగారూ అని పిలిచేది. ఆ మహానుభావుడు టన్నెల్ మూతి ముందు గుంట తవ్వించి, మూతికి ఇనప వల బిగించి, ఆ గుంటలోంచి మోటార్లతో చెరువుల్లోకి నీరు తోడుకునేవాడు. గొట్టం సర్కారుది, గుంటా గట్టూ ఆయన పట్టా. చుట్టూ ముళ్ళకంచె, గేటు. ఆ ఏడు ముమ్మిడివరం వైపు రొయ్యలకి తెల్లమచ్చ తెగులొచ్చి చెరువులకి చెరువులే తుడిచిపెట్టుకుపోయాయి. అందుకని గేటు దగ్గర తెగులు క్రిములు చావడానికి పర్మాంగనేట్ కలిపిన నీళ్ళ తొట్టి పెట్టించి, అందులో కాళ్ళు ముంచందే తన కూలీలనే లోపలికి రానిచ్చేవాడు కాదు. పరాయి నీళ్ళలో మునిగి బతికేవాళ్ళని తన నీళ్ళలో దిగనిస్తాడా?

గేటు బయట నిలబడి కాళ్ళావేళ్ళా పడ్డాం.

"చెల్లెమ్మా, నా కడుపు తరుక్కుపోతోందమ్మా. కానీ రొయ్య పట్టుబడికి వారం కూడా లేదు. వీళ్ళు ఏ చెరువుల్లో మునిగొచ్చేరో ఏవిటో! మోటార్లు ఆపి, వల తీసి, ఆనక తెగులు తగిలితే నేను కూడా ఆ గొట్టంలో పడాలి. రొయ్య పట్టేసేక నేనే దగ్గరుండి తీయిస్తాను" అన్నాడు.

"అప్పటికి ఏం మిగులుతుందండి అన్నయ్యగారూ?"

 ఊరి మురుగంతా రాత్రీ పగలూ ఆ గొట్టంలోంచి తన గుంటలోకే వస్తుంటే రాని తెగులు మనిషి దిగితే వస్తుందా అని నేను గట్టిగానే అడిగాను. "నువ్వు చదువుకున్నదానివి, నీకు తెలీదులే అమ్మాయ్" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఎస్సైగారేమో, డ్రెయిన్ వరకూ తన పనేననీ, పట్టా భూమి కాబట్టి పెద్దవాళ్ళు మాట్లాడుకోవాలనీ చెప్పి చేతులు దులుపుకున్నారు. ఈతగాళ్ళిద్దరూ మా అరుగు మీదే పడుకున్నారు.

రెండో రోజు సాయంత్రం ఆసామి మా పురోహితుడిగారిని వెంటబెట్టుకుని వచ్చాడు. పాపం ఆయన మంచివారే, ఇబ్బందిగా కూర్చున్నారు.

"దేహం దొరక్కపోతే శాస్త్రంలో దారుందమ్మా. దర్భలతో బొమ్మ చేసి దహనం చేస్తే ఆయనకే చెందుతుంది."

"ఖర్చంతా నాది చెల్లెమ్మా" అన్నాడు ఆసామి.

అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నది. తర్వాత పురోహితుడిగారితోనే మాట్లాడింది. "దొరక్కపోతే గదండీ? ఆయన ఎక్కడున్నారో మీకూ తెలుసు, వీరికీ తెలుసు. నేనిన్నేళ్ళూ దర్భలకి అన్నం పెట్టలేదండి."

"ఆయ్, నిజవేనమ్మా" అని ఆయన లేచి, చెప్పులు వేసుకుని, ఆసామి కోసం ఆగకుండా వెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున్నే అత్తయ్య నన్ను లేపింది. "రావే, గేటు తీసుంది" అంది. రొయ్యలు కొనే ఏజెంటు స్కూటరు మీద వచ్చాడు, సైజు చూసుకోవడానికి. విసురువల వేసి తీసిన రొయ్యల్ని గట్టు మీద గోనె పట్టా పరిచి పోశారు. రొయ్యలు ఏరే ఆడకూలీలు చుట్టూ చేరారు. ఆసామి పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతున్నాడు. అత్తయ్య తిన్నగా వెళ్ళి, తొట్టిలో కాళ్ళు ముంచి మరీ వెళ్ళి, ఏజెంటు ఎదురుగా నిలబడి చేతులు జోడించింది.

"బాబూ, కొనుక్కెళ్ళేవారు తెలుసుకోవాలి కదండీ. మా ఆయన ఆ గొట్టంలో ఉన్నారండి. అందులో పడి ఇది మూడో రోజండి. ఆయన మీదనించి పారిన నీరే ఈ చెరువుల్లోకి తోడుతున్నారండి. మీ చేతిలో ఉన్నాయే, అవి మా ఆయన్ని తింటున్నాయండి."

 ఏజెంటు చేతిలోని రొయ్యల్ని జారవిడిచి, చెయ్యి లుంగీకి తుడుచుకున్నాడు, మళ్ళీ తుడుచుకున్నాడు. ఆడకూలీల్లో ఒకామె "అమ్మ బాబోయ్" అని లేచింది. "మేం ముట్టుకోవండి బాబూ, ఇంకెవర్నైనా పిలుచుకోండి" అని అందరూ గేటు వైపు నడిచారు. ఆసామి మొహంలో నెత్తురుచుక్క లేదు. "ఎంత మాటన్నావు చెల్లెమ్మా!" అన్నాడు.  ఆయన పంపుసెట్టు మనిషి వైపు తిరిగి, మోటార్లు కట్టెయ్యమని అరిచాడు.

ఆ రొయ్యలేమయ్యాయని అడుగుతారేమో. ఏమీ కాలేదు. తర్వాతి వారం వేరే ఊరి ఏజెంటు, వేరే ఊరి కూలీలు వచ్చి పట్టారు. ఐసు లారీలో రావులపాలెం మీదుగా వెళ్ళిపోయాయి. ఎక్కడో ఎవరో తినే ఉంటారు.

మోటార్లు ఆగాక ఈతగాళ్ళని పిలిచారు. అప్పుడు కూడా వాళ్ళని తొట్టిలో కాళ్ళు ముంచి రమ్మన్నాడా మనిషి. పెద్దవాడు మోకు కట్టుకుని గుంటలో దిగి, వల బోల్టులు విప్పి, గొట్టంలో తల పెట్టబోయాడు. లోపలికి వెళ్ళాల్సిన పనే పడలేదు. మావయ్య వలకి ఆనుకుని ఉన్నారు. మూడు రోజులూ ఆ వల వెనకే ఉన్నారు. వల తీసి ఉంటే మొదటి రోజే తనంతట తనే బయటికొచ్చేసేవారు.

నేను గట్టు మీదే నిలబడి ఉన్నాను. చూశాను. ఏం చూశానో రాయను.

నీలం టార్పాలిన్ కప్పి కొబ్బరిచెట్టు నీడలో పడుకోబెట్టారు. పంచనామా రాయడానికి ఎస్సైగారు రావాలి. అత్తయ్య వచ్చి కూర్చుని మొహం మీద పట్టా తియ్యబోయింది. ఈతగాడు తడిబట్టలతోనే వచ్చి ఆవిడ చేతికి అడ్డంగా కూర్చున్నాడు.

"వద్దండి అమ్మగారండి. మీ కాళ్ళట్టుకుంటాను, వద్దండి."

అత్తయ్య వాడి మొహం చూసింది. చెరువుల వైపు చూసింది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది. 

"అమ్మాయ్, నేనన్నది ఉత్త మాటే కదే? వాళ్ళని బెదరగొట్టాలని నోటికొచ్చింది అనేశాను. ఉత్తదే కదే?"

"ఉత్తదే అత్తయ్యా" అన్నాను. "ఉత్తదే."

ఆవిడ నా కళ్ళలోకి చాలాసేపు చూసింది. తర్వాత అటు తిరిగి, టార్పాలిన్ పైనుంచే మావయ్య పాదాలు పట్టుకుంది. మోకాళ్ళు, చేతులు, గుండె, నెమ్మదిగా తడుముకుంటూ పైకి వెళ్ళింది. మెడ దాకా వెళ్ళి, అక్కడ ఆగి, చెయ్యి వెనక్కి తీసేసుకుంది.