కౌజు పిల్లలకు తొలి మేత

చదువు నేర్చిందే ఈ మధ్య కాబట్టి ఎప్పటిదో ఈ సంగతి ఇంత ఆలస్యంగా రాస్తున్నాను. నారాయణఖేడ్‌లో మా ఇంట్లో కౌజు పిట్టల గుడ్లను పొదిగే మిషన్‌లో పెడితే పిల్లలయ్యాయి. కోడిపిల్లలకు వేసినట్టే జొన్న నూకలు చల్లి కంది చేనుకు కూలికి పోయాను. సాయంత్రం ఒళ్లు హూనమై వచ్చేసరికి కొన్ని చచ్చిపోయాయి, మిగిలినవి తలలు వాల్చాయి.

"ఈగలంత ఉన్నయ్ గదక్కా, నూక గొంతుల ఎట్ల దిగుతది? గుడ్డు ఉడకవెట్టి పచ్చసొన నలిపెయ్," అంది పక్కింటి షాహిదా.

"పిట్టకు గుడ్డు పెడ్తవా? గింతకంటె పాపముంటదా?" అని మా అత్త నా మీదికి లేచింది.

వాదించే ఓపిక లేక పడుకున్నాను. తెల్లారి గుడ్డు ఉడకబెట్టి, సొన నలిపి కాగితం మీద చల్లాను. పిల్లలు కదల్లేదు. వాటికి తినడం నేర్పే తల్లి లేదు కదా. కోడి ముక్కుతో పొడిచినట్టు గోటితో కాగితం మీద కొడుతూ కూర్చున్నాను. చివరికి ఒక పిల్ల వచ్చి నా గోరు పక్కనే పొడిచింది.

అప్పటిదాకా చూస్తున్న అత్త నా పక్కనే చతికిలబడి, "జర జరుగు, గా మూలకున్నది తింటలేదు," అంటూ తనూ గోటితో కాగితం మీద కొట్టసాగింది. ఆ రోజు నేను కూలికి పోలేదు.